పంపు పెట్టుకుంటే సూదులు పోతాయా?

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినిపిస్తోందా? చెయ్యెత్తండి... సరే, వినిపిస్తోందన్నమాట.

నేను డాక్టర్ని కాను, ముందే చెప్పేస్తున్నాను. టైప్ 1 డయాబెటిస్‌తో (ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని షుగరు జబ్బుతో) 27 ఏళ్లుగా కాపురం చేస్తున్నదాన్ని. మా ఆయనతో కాపురం కన్నా ఇదే పాతది. (నవ్వులు) మొదటి 18 ఏళ్లు ఇన్సులిన్ ఇంజెక్షన్లు. తర్వాత పంపు, అంటే ఒంటికి తగిలించుకుంటే ఇన్సులిన్ ఇస్తూ ఉండే చిన్న మిషను. మధ్యలో విసుగొచ్చి ఏడు నెలలు పంపు తీసేసి మళ్లీ పెన్నులు, అంటే పెన్నులా ఉండే ఇన్సులిన్ ఇంజెక్షన్లు, పట్టుకున్నాను. ఇప్పుడు మళ్లీ పంపు మీదే ఉన్నాను. అటూ ఇటూ తిరిగొచ్చానని కాబోలు, నన్ను పిలిచారు. ఎవరు ఎన్ని యూనిట్ల ఇన్సులిన్ వేసుకోవాలో మాత్రం నన్ను అడక్కండి. అది మీరూ మీ డాక్టరూ కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి.

"ఇంజెక్షన్లు మంచివా, పంపు మంచిదా?" అని ఎవరైనా అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను. మీ షుగరు ఏ టైమ్‌లో మీ మాట వినడం లేదు? తెల్లవారుజామునా? భోజనం చేశాకా? వ్యాయామం చేసినప్పుడా? రాత్రి నిద్రలోనా? చాలామంది "అన్ని టైముల్లోనూ" అంటారు. అలా అన్నారంటే ఇంకా సరిగ్గా చూసుకోలేదని అర్థం. ఇది తేలకుండా పంపు కొనడం, ఏ పన్ను నొప్పో చూపించకుండా పన్ను పీకించుకోవడం లాంటిది.

పంపు సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఒంట్లో ఇన్సులిన్ తయారుచేసే ప్యాంక్రియాస్ బాగున్నవాళ్లకి ఇన్సులిన్ రెండు రకాలుగా వస్తుంది. తిన్నా తినకపోయినా రోజంతా కొంచెం కొంచెం ఊరుతూనే ఉంటుంది. దాన్ని బేసల్ అంటాం. తిన్నప్పుడు ఒక్కసారిగా ఎక్కువ వస్తుంది, అది బోలస్. ఇంజెక్షన్ల పద్ధతిలో ఈ రెంటికీ వేర్వేరు ఇన్సులిన్లు. నెమ్మదిగా, రోజంతా పనిచేసేది మామూలుగా రోజుకోసారి. త్వరగా పనిచేసేది ప్రతి భోజనానికీ. వెరసి రోజుకు నాలుగో ఐదో పోట్లు. పంపులో త్వరగా పనిచేసే ఇన్సులిన్ ఒక్కటే ఉంటుంది. దాన్నే చుక్కలు చుక్కలుగా వదులుతూ బేసల్ పని చేయిస్తుంది. తినేటప్పుడు మనం లెక్క చెప్పి బటన్ నొక్కితే బోలస్ ఇస్తుంది. చర్మం కిందకి కాన్యులా అనే సన్నటి గొట్టం ఒకటి వెళ్తుంది, దాన్ని రెండు మూడు రోజులకోసారి మార్చుకోవాలి. కొన్ని పంపులకు పొడుగాటి ట్యూబు ఉంటుంది, కొన్ని ట్యూబు లేకుండా నేరుగా ఒంటికే అతుక్కుంటాయి.

ఇక పోట్ల లెక్క. మూడు రోజుల్లో పన్నెండో పదిహేనో పోట్లు పోయి ఒకటి మిగులుతుంది. ఆ ఒక్కటీ కాస్త పెద్ద సూదే. కాబట్టి సూదులు తగ్గుతాయి, పూర్తిగా పోవు. పంపు ఉన్నా సరే బ్యాగులో ఒక పెన్నో సిరంజో ఉండి తీరాలి. ఎందుకో కాసేపట్లో చెబుతాను. సూదంటే భయంతోనే పంపు వైపు చూస్తున్నవాళ్లుంటే, ముందు 4 మిల్లీమీటర్ల పెన్ సూది వాడి చూడండి. సన్నవాళ్లకీ లావుగా ఉన్నవాళ్లకీ అదే చాలు. ఆ సూదిని చూశాక భయం సగానికి సగం తగ్గినవాళ్లను చాలామందినే చూశాను.

మనకంటే ముందువాళ్లు పడ్డ బాధలు వింటే ఈ పోట్లు లెక్కలోకే రావు. 1922 జనవరిలో టొరంటోలో పద్నాలుగేళ్ల కుర్రాడికి మొదటి ఇన్సులిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ తర్వాత చాలా ఏళ్లు గాజు సిరంజీలే. వాటిని నీళ్లలో మరగబెట్టాలి, మొద్దుబారిన సూదిని రాయి మీద సానబెట్టుకోవాలి. పెన్ను 1985లో గానీ రాలేదు. 1960ల్లో తయారైన తొలి పంపునైతే వీపుకు తగిలించుకోవాల్సి వచ్చేది, అంత ఉండేది. 1970ల చివర్లో లండన్ డాక్టర్లు చిన్న పంపుతో చర్మం కిందకి రోజంతా ఇన్సులిన్ ఇచ్చి చూపించారు.

అక్కణ్నించి అసలు విషయానికి వస్తాను. 1983 నుంచి 1993 దాకా అమెరికా, కెనడాల్లో 1,441 మంది టైప్ 1 వాళ్ల మీద పెద్ద పరిశోధన జరిగింది. డీసీసీటీ అంటారు. సగం మందికి అప్పటి మామూలు పద్ధతి, అంటే రోజుకు ఒకటో రెండో ఇంజెక్షన్లు. మిగతావాళ్లు షుగరును గట్టిగా అదుపులో పెట్టారు. మామూలు పద్ధతి వాళ్ల హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష) 9 దగ్గరుంటే, వీళ్లది 7 దగ్గరికి వచ్చింది. అంతవరకు కంటి జబ్బు లేనివాళ్లలో అది కొత్తగా వచ్చే ప్రమాదం 76 శాతం తగ్గింది. షుగరు బాగా పడిపోయి ఇంకొకరు సాయం చేయాల్సిన సందర్భాలు మాత్రం సుమారు మూడు రెట్లు పెరిగాయి. అదీ దాచకుండా చెప్పుకోవాలి. ఇంతకీ ఆ గట్టిగా అదుపు చేసినవాళ్లు ఏం వాడారు? కొందరు పంపు, కొందరు రోజుకు మూడు, అంతకు మించి ఇంజెక్షన్లు. కళ్లను కాపాడింది ఆ అదుపే.

ఇంకొకటి చెబుతాను. పంపు అమ్మేవాళ్లు దీన్ని మీకు చెప్పరు. బ్రిటన్‌లో రిపోజ్ అని ఒక పరిశోధన, 2017లో ఫలితాలు వచ్చాయి. పెద్దవాళ్లనే తీసుకున్నారు. తిండిలో పిండిపదార్థాలు ఎలా లెక్కేయాలి, ఇన్సులిన్ ఎలా సర్దుకోవాలి అని అందరికీ ఒకే రకం శిక్షణ ఇచ్చారు. తర్వాత కొందరికి పంపు, కొందరికి ఇంజెక్షన్లు. రెండేళ్ల తర్వాత చూస్తే రెండువైపులా షుగరు మెరుగుపడింది, రెంటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. పంపు వాళ్లు వైద్యం పట్ల కాస్త ఎక్కువ తృప్తిగా ఉన్నారు, అంతే. అంటే పని చేసింది శిక్షణ. అది లేకుండా చేతికి పంపు ఇస్తే, లెక్కలు రానివాడికి క్యాలిక్యులేటర్ ఇచ్చినట్టే. తప్పు లెక్కను అది ఇంకా వేగంగా చేసిపెడుతుంది. (నవ్వులు)

మరి నేనెందుకు పంపుకు మారానని అడుగుతారు. తెల్లవారుజాము వల్ల.

రాత్రి పడుకునేటప్పుడు 120. పొద్దున్న లేచేసరికి 230. రాత్రి ఏమీ తినలేదు. తెల్లవారుతుండగా ఒంట్లో కార్టిజాల్, గ్రోత్ హార్మోన్ లాంటివి పెరుగుతాయి, లివరు గ్లూకోజు వదులుతుంది, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు. నాకిది బాగా ఎక్కువ. దాన్ని ఆపడానికి బేసల్ పెంచితే రాత్రి రెండు గంటలకు 55కి పడిపోయి చెమటలు పట్టి లేచేదాన్ని. తగ్గిస్తే పొద్దున్న మళ్లీ 230. రోజంతా పనిచేసే ఇన్సులిన్‌తో వచ్చే చిక్కే ఇది. ఒకసారి వేశాక వెనక్కి తీసుకోలేం. రెండు గంటలకు తక్కువగా, ఐదు గంటలకు ఎక్కువగా పనిచేయమని దానికి చెప్పలేం. పంపుకు చెప్పొచ్చు. మూడు గంటల నుంచి ఏడు వరకు బేసల్ పెంచమని పెట్టుకున్నాను. సరైన అంకె దొరకడానికి నెల పైనే పట్టింది, దొరికాక తెల్లవారుజాములతో యుద్ధం ముగిసింది. నాకు పంపు పనికొచ్చింది ఆ నాలుగు గంటల కోసం. మిగతా ఇరవై గంటలూ పెన్నులతో బాగానే గడిచేవి.

పసిపిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఉన్నారా? మీ లెక్క వేరు. పెన్నులో తక్కువలో తక్కువ అర యూనిట్ వస్తుంది, చాలావాటిలో ఒక యూనిట్. రోజు మొత్తానికే ఏడెనిమిది యూనిట్లు వాడే బిడ్డకు అర యూనిట్ అంటే చాలా పెద్దది. పంపులో 0.05 యూనిట్ కూడా ఇవ్వొచ్చు, కొన్నింటిలో 0.025. పైగా పసిపిల్ల సగం తిని లేచిపోతుంది. ముందే ఇంజెక్షన్ వేసేసి "ఇంకో ముద్ద తినమ్మా" అని వెంటపడటం ఎంత నరకమో మీకు నేను చెప్పక్కర్లేదు. చిన్నపిల్లల విషయంలో నేను పంపు వైపే మొగ్గుతాను, మొహమాటం లేకుండా చెబుతున్నాను.

పరుగు, ఈత, సైక్లింగ్ చేసేవాళ్లకూ ఉపయోగమే. వ్యాయామానికి గంటా గంటన్నర ముందు బేసల్ తగ్గించుకోవచ్చు. పెన్నుతో ఆ వీలు లేదు, ముందే ఏదైనా తిని సర్దుకోవాలి.

ఇక పంపు తీర్చలేని సమస్య ఏమిటంటే, మతిమరుపు. భోజనానికి ఇన్సులిన్ వేసుకోవడం మర్చిపోయేవాళ్లు పంపు పెట్టుకున్నా బటన్ నొక్కడం మర్చిపోతారు. మా బంధువుల అబ్బాయి ఒకడు అచ్చం ఇలాగే. పంపు వచ్చాక ఆర్నెల్లకు హెచ్‌బీఏ1సీ తగ్గకపోగా పెరిగింది. "నడుముకు మిషను ఉంది కదా, అదే చూసుకుంటుంది" అనుకున్నాడు. అది చూసుకోదు బాబూ. అది చెప్పింది చేస్తుంది.

ఇంకో విషయం. పంపు గురించి ఆలోచించే ముందు మీ పొట్ట, తొడలు చేత్తో తడిమి చూసుకోండి. ఏళ్ల తరబడి ఒకేచోట పొడుచుకుంటే చర్మం కింద కొవ్వు గట్టిపడి గడ్డలు కడుతుంది. అక్కడ పొడిస్తే నొప్పి తెలియదు, అందుకే మళ్లీ మళ్లీ అక్కడికే పోతాం. కానీ అక్కడ వేసిన ఇన్సులిన్ ఒకరోజు పీలుస్తుంది, ఒకరోజు పీల్చదు. నా బొడ్డుకు ఎడమవైపు నిమ్మకాయంత గడ్డ ఉండేది. షుగరు కారణం లేకుండా పైకీ కిందకీ పోతోందని ఎన్ని నెలలు ఏడ్చానో. మా డాక్టరు గారు చేత్తో నొక్కి చూసి, "ఇక్కడ ఇక వేయకండి" అన్నారు, అంతే. చోటు మార్చాక షుగరు పడిపోవడం మొదలైంది, డోసు తగ్గించుకోవాల్సి వచ్చింది. మీరూ చోటు మారిస్తే డాక్టరుకు చెప్పి మార్చండి. కొందరికి పంపు అక్కర్లేదు, కొత్త చోటు చాలు.

ఇప్పుడు బ్యాగులో పెన్ను ఎందుకు ఉండాలో చెబుతానన్నాను కదా.

పంపు పెట్టుకున్న రెండో ఏడు. రాత్రి భోజనం తర్వాత 260. పంపుతో కరెక్షన్ డోసు ఇచ్చాను. పదకొండింటికి 290. ఇంకోసారి ఇచ్చాను. తెర మీద "ఇచ్చాను" అని చూపిస్తోంది. పడుకున్నాను. మూడు గంటలకు నాలుక పిడచకట్టుకుపోయి లేచాను. 340. కడుపులో తిప్పుతోంది. కీటోన్లు, అంటే ఇన్సులిన్ అందకపోతే రక్తంలో పేరుకునే ఆమ్లాలు, చూస్తే 1.8. 0.6 లోపు ఉండాలి, 3 దాటితే ఆస్పత్రికి పరుగెత్తాలి. అప్పుడు తట్టింది, గదిలో ఏదో వాసన వస్తోందని. కొత్త బ్యాండేజీ విప్పితే వస్తుందే, ఆ ఫినాయిలు లాంటి ఘాటు. ఇన్సులిన్ చెడిపోకుండా కలిపే ఫినాల్, క్రెసాల్ వాసన అది. చొక్కా ఎత్తి చూస్తే అతుకు కింద తడి. కాన్యులా చర్మంలోంచి ఊడివచ్చి టేపు కింద మడత పడి ఉంది. సాయంత్రం నుంచీ ఇన్సులిన్ అంతా టేపు తాగింది, నేను కాదు.

అలారం మోగలేదేమని అడగొచ్చు. గొట్టం మూసుకుపోయి ఒత్తిడి పెరిగితేనే అలారం మోగుతుంది. ఊడిపోయి బయటికి కారుతుంటే ఒత్తిడి ఉండదు. పంపు లెక్కలో అంతా సవ్యంగానే ఉంది.

పెన్నుల మీద ఉన్నవాళ్లకు ఒంట్లో రోజంతా పనిచేసే ఇన్సులిన్ నిల్వ ఉంటుంది. ఒక బోలస్ తప్పినా షుగరు పెరుగుతుంది గానీ పునాది మిగిలుంటుంది. పంపులో ఆ నిల్వ లేదు. సరఫరా ఆగితే కొద్ది గంటల్లోనే కీటోన్లు మొదలవుతాయి. ఆ రాత్రి నుంచి నాకు ఒకటే పద్ధతి. కారణం తెలియకుండా షుగరు 250 దాటి, పంపుతో ఒకసారి ఇచ్చినా దిగకపోతే, రెండోది పంపుతో ఇవ్వను. పెన్నుతో వేసుకుని, కాన్యులా మార్చి, కీటోన్లు చూసుకుంటాను. పర్సులో ఒక కాగితం కూడా ఉంటుంది. ఏ గంటకు ఎంత బేసల్, ఏ భోజనానికి ఏ లెక్క, రోజు మొత్తానికి ఎంత అని దాని మీద రాసుకున్నాను. పంపు చచ్చిపోతే సెట్టింగులు కూడా దాంతోనే పోతాయి కదా.

మరి మధ్యలో ఏడు నెలలు ఎందుకు మానేశానంటే, నిజం చెప్పాలంటే ఆరోగ్య కారణం ఏమీ లేదు. ఒంటికి ఎప్పుడూ ఏదో ఒకటి తగిలించుకుని ఉండటం మీద విసుగు. తలుపు గడియకు ట్యూబు తగులుకుని ఊడేది. టేపు కింద చర్మం ఎర్రగా దురద పెట్టేది. నలుగురిలో ఉండగా కూత పెట్టేది. ఒకరోజు తీసేశాను. మా డాక్టరు గారు తిట్టలేదు. పెన్నుల డోసులు రాసిచ్చి, "మళ్లీ కావాలనిపించినప్పుడు రండి" అన్నారు. ఆ ఏడు నెలలూ నా హెచ్‌బీఏ1సీ దాదాపు అంతే ఉంది. తెల్లవారుజాములు మాత్రం మళ్లీ పాడయ్యాయి. వాటి కోసమే తిరిగొచ్చాను. పంపు పెట్టుకోవడం అంటే పెళ్లి కాదు, తీసేయొచ్చు. ఇది ముందే తెలిసుంటే మొదటిసారి నిర్ణయానికి నేను అంత టెన్షన్ పడేదాన్ని కాదు.

ఇప్పటిదాకా చెప్పింది మామూలు పంపు గురించి. సెన్సర్‌తో జతకట్టే పంపులు వచ్చాక కథ మారింది, ఒప్పుకోవాలి. చర్మం కింద సెన్సర్ అయిదు నిమిషాలకోసారి షుగరు చెబుతుంది, దాన్ని బట్టి పంపు తనే బేసల్ పెంచుతుంది, తగ్గిస్తుంది. ఈ రకం మొదటిదానికి 2016లో అమెరికాలో అనుమతి వచ్చింది. 2019లో వచ్చిన ఒక పరిశోధనలో 168 మంది మీద ఆరు నెలలు చూశారు. షుగరు 70కీ 180కీ మధ్య ఉన్న సమయం 61 శాతం నుంచి 71 శాతానికి పెరిగింది. సెన్సర్ ఉండి, పంపు తనంతట తాను సర్దని వాళ్లలో 59 దగ్గరే ఆగింది. అంటే రోజుకు రెండు గంటలకు పైగా అదనం, అందులో ఎక్కువ మేలు రాత్రిపూటే. రాత్రి నిద్రపట్టడం అంటే ఏమిటో మనకు తెలుసు. అయినా తింటున్నానని దానికి మనమే చెప్పాలి. మా బంధువుల అబ్బాయి కథ అక్కడ మళ్లీ మొదటికే వస్తుంది.

నన్నడిగితే, రెంటిలో ఒక్కటే కొనగలిగితే ముందు సెన్సర్ కొనండి, పంపు తర్వాత. పెన్నులతో ఉన్నా సెన్సర్ పనికొస్తుంది. నేను మొదట అడిగిన ప్రశ్నకు, ఏ టైమ్‌లో మీ మాట వినడం లేదన్నదానికి, రెండు వారాల్లో జవాబు అదే గీసి చూపిస్తుంది. ఖర్చు మాటకొస్తే, పంపు ధర ఒక్కటే చూడకండి. కాన్యులాలు, రిజర్వాయర్లు (పంపులో ఇన్సులిన్ నింపే చిన్న గొట్టాలు), టేపులు నెల నెలా కావాలి, అవి ఆగితే పంపు ఉత్త డబ్బా. బీమా ఉంటే వాటికి కూడా వర్తిస్తుందో లేదో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

టైప్ 2 వాళ్లు చాలామంది కనిపిస్తున్నారు. రోజుకు ఒక బేసల్ ఇంజెక్షన్‌తో నడిచిపోతుంటే పంపు ఆలోచనే అక్కర్లేదు. రోజుకు నాలుగైదు వేసుకుంటూ, డోసులు పెంచినా అదుపులోకి రానివాళ్లకు మాత్రం పనికొచ్చిందని 2014లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. ఇంజెక్షన్ల వాళ్లకు హెచ్‌బీఏ1సీ 0.4 తగ్గితే, పంపు వాళ్లకు 1.1 తగ్గింది.

ఇక ప్రశ్నలు. చెప్పండి, పెద్దాయన గారూ.

"నాకు చూపు సరిగా ఆనదమ్మా. పంపు తెర చదవలేను. పెన్ను అయితే టకటకమని వినిపిస్తుంది, లెక్కపెట్టుకుంటాను."

అయితే మీకు పెన్నే మంచిదండీ. మీరు చెప్పిందే కారణం. కాకపోతే టకటకల లెక్క ఒక్కదాన్నే నమ్ముకోకండి, డోసు తిప్పాక ప్రతిసారీ ఇంట్లో ఎవరికైనా చూపించండి.

ఆ అమ్మాయి... నువ్వే, నీలం చొక్కా. ఎన్నేళ్లు నీకు?

"పదకొండు. రాత్రి పడుకున్నప్పుడు పంపు ఎక్కడ పెట్టుకుంటారు?"

భలే ప్రశ్న. నేను మొదటి వారం దిండు కింద పెట్టుకున్నాను, పొద్దున్నకల్లా ట్యూబు మెడకు చుట్టుకునేది. ఇప్పుడు వదులుగా పక్కనే పడేస్తాను, నాతోపాటు అదీ దొర్లుతుంది. నిర్ణయించుకునే ముందు కొన్నిచోట్ల వారం రోజులు ఇన్సులిన్ లేకుండా, ఉప్పునీళ్లతో పంపు పెట్టిచూస్తారు. మీ అమ్మానాన్నల్ని డాక్టరును అడగమను. ఆ వారం పెన్నులు మాత్రం మామూలుగా వేసుకోవాలి, మర్చిపోకు.

నా పాత పంపు ఒకటి తెచ్చాను, ఇదిగో. లోపల ఇన్సులిన్ లేదు, కాన్యులా లేదు, నొక్కితే కూస్తుంది అంతే. ముందు ఆ అమ్మాయికి ఇవ్వండి, నడుముకు తగిలించుకుని ఆ మెట్లెక్కి దిగి రమ్మనండి. తర్వాత మిగతావాళ్లు చూద్దురు గాని.